రేచీకటి అంతా విటమిన్ లోపం కాదు

పొద్దు వాలితే తల్లి కొంగు వదలని బిడ్డను చూసి ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం పల్లెల్లో పెద్దలు చెప్పేది ఒకటే: రేచీకటి, మునగాకు పెట్టండి. విటమిన్-ఎ లోపమే కారణమైతే మందుతో గుణం కనిపిస్తుంది. అదే బిడ్డకు పుట్టుకతో ఆరో వేలు ఉండి, పసితనం నుంచే ఒళ్లు వస్తుంటే మాత్రం బార్డెట్-బీడల్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బును అనుమానించాలి. ఇందులో కంటి వెనక పొర అయిన రెటీనా కణాలు క్రమంగా దెబ్బతింటాయి. కిడ్నీలకూ ముప్పే. ఆరో వేలును అదృష్టమని మురిసిపోతాం, లేదా దారం కట్టి రాల్చేస్తాం. తర్వాత ఆ మచ్చను డాక్టరుకు చూపించాలన్న ఆలోచనే రాదు.

పుట్టుచెవుడు పిల్లల గతి ఇంకా బాధాకరం. వారిలో కొందరిది అషర్ సిండ్రోమ్. వినికిడి లేని ఆ బిడ్డకు చూపే ఆధారం, ఆ చూపూ మెల్లగా పోతుంది. ముందు రాత్రి చూపు, తర్వాత పక్క చూపు. పగలు బడిలో అక్షరాల చార్టు చివరి వరుస దాకా చదివేస్తాడు కాబట్టి 'కళ్లు బాగున్నాయి' అని రాసేస్తారు. రెటీనా పరీక్ష చేస్తే తప్ప జబ్బు బయటపడదు.

పిల్లల్లో జబ్బులు, లోపాలు ముందే పట్టేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఆరేళ్ల లోపు పిల్లలకూ, సర్కారు, ఎయిడెడ్ బడుల్లో చదివే 18 ఏళ్ల లోపు పిల్లలకూ వర్తిస్తుంది. దాని పరీక్షల ఫారంలో చెవికో గడి, కంటికో గడి. చెవి గడిలో టిక్కు పడిన పిల్లవాణ్ని కంటి డాక్టరు దగ్గరికి పంపడం తప్పనిసరి చేయాలని మేము కోరుతున్నాం.

ఈ రెండు జబ్బులూ సాధారణంగా తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తాయి. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ 25 శాతం ముప్పు. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. కోడలి పాపమనే మాట ఇకనైనా కట్టిపెట్టాలి.

పోయిన చూపు తెచ్చే మందు ఈ రెండింటికీ ఇంకా లేదు, నిజమే. కానీ ముందే తెలిస్తే కిడ్నీ పరీక్షలు జరుగుతాయి, చూపున్నప్పుడే సైగల భాష, బ్రెయిలీ నేర్పవచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెవుడు, అంధత్వం కలిసిన స్థితిని వైకల్యంగా గుర్తించింది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు విశాఖలోనూ భువనేశ్వర్‌లోనూ ఆసుపత్రులున్నాయి. గజపతి, రాయగడ జిల్లాల అధికారులు అక్కడికి పంపే పిల్లలకు, తోడు వెళ్లే తల్లికి బస్సు ఛార్జీలు ఇవ్వాలి. పంపేటప్పుడు చేతికిచ్చే కాగితం మీద ఒడియాతో పాటు తెలుగులోనూ రాయించాలి.