అండర్ ప్రాసెస్ గారు యాడుంటారు?

ఇంగ్లీషు భాషకు మన ఆఫీసులు చేసిన సేవకు రావాల్సినంత పేరు రాలేదు. ఇంగ్లీషువాడు 'అండర్ రివ్యూ' అన్నాడు, 'ఇన్ ప్రాసెస్' అన్నాడు, అక్కడితో అలిసిపోయాడు. అందులోంచి ఒకటి, ఇందులోంచి ఒకటి తీసి 'అండర్ ప్రాసెస్' అని ముడేసింది మనమే. అదీ చాలక ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఏ కౌంటర్లో అడిగినా 'అండర్ ప్రాసెస్‌లో ఉందండీ' అంటారు. అంటే మన కాగితం కిందా ఉంది, లోపలా ఉంది. బయటికి రావడం ఒక్కటే తక్కువ.

దీన్ని వాక్యంలో ఎట్లా వాడాలో పిల్లలకు బడిలోనే నేర్పాలి. ఈ వాక్యానికి కర్త ఉండడు. 'ఎవరు చేస్తున్నారండీ?' అని అడిగితే వ్యాకరణం చెడిపోతుంది. తేదీ చేర్చడం అంతకన్నా పెద్ద తప్పు. 'ఉంది' తప్ప వేరే క్రియ దీనికి పొసగదు, 'అయింది'తో అసలే పడదు. పలికేటప్పుడు మనిషి వైపు చూడకూడదు, కంప్యూటర్ వైపు చూడాలి. కరెంటు పోయి ఉన్నా సరే.

కనిగిరి వైపు ఒక సచివాలయంలో ఈ ప్రయోగాన్ని కళ్లారా చూశాను. ఒక అవ్వ వైకల్యం ఉందని చెప్పే సదరం సర్టిఫికెట్ కోసం వచ్చింది.

"అండర్ ప్రాసెస్‌లో ఉంది అవ్వా."

"యాడుంటాడు అబ్బయ్యా ఆయన?"

"ఆయన కాదవ్వా, ప్రాసెస్."

"ప్రాసెస్ గారా? ఒంగోల్లోనా ఉండేది?"

వెనక నిలబడ్డ పంచెకట్టు పెద్దాయన అందుకున్నాడు. "మా పాసుపుస్తకం గూడా ఆయన దగ్గరే ఉందన్నారు." ఇంకో ఆమె తన ఇంటి బిల్లూ ఆయన కిందే ఇరుక్కుందని చెప్పింది. "ఇన్ని కాయితాలు ఒక్కడే చూస్తన్నాడా, పాపం!" అని అవ్వ నొచ్చుకుంది. ఆయనకు బదిలీ ఎందుకు కాదో అన్న చర్చ కాసేపు నడిచింది. ఏ పార్టీ వచ్చినా ఆ సీటు మాత్రం కదలదని తేల్చారు. ఉద్యోగికి టెన్షన్ మొదలై, "పైకి పంపామవ్వా" అన్నాడు. డిగ్రీ చదివే కుర్రాడొకడు, "అండర్ అంటే కింద అవ్వా" అని అర్థం చెప్పాడు.

"కిందుంటే పైకెందుకు పంపారు అబ్బయ్యా?"

ఆ మాట ఆమె తల ఎత్తకుండానే అడిగింది. పొగరు కాదు, మెడ లేవదు. నడుము సగానికి వంగిపోయింది. పుట్టినప్పటి నుంచి తాగిన బోరు నీళ్లు చేసిన పని అది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో పేరుకుంటుంది, కీళ్లు బిగుసుకుపోతాయి. వంగిన వెన్ను మళ్లీ నిటారు కాదు. ఆ వెన్ను చూస్తూ కూడా వైకల్యం 40 శాతం ఉందని కాగితం తెమ్మంటాం. ఆ కాగితం అండర్ ప్రాసెస్.

ఆ నీళ్లకు బదులుగా రావాల్సిన కృష్ణా నీళ్లు? అవీ అంతే. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం వరద నీటిలో 43.5 టీఎంసీలు తెచ్చి 15 లక్షల మందికి పైగా తాగునీరు ఇస్తామన్నారు. నల్లమల కొండ కింద 18 కిలోమీటర్లకు పైగా పొడవున రెండు సొరంగాలు తవ్వారు. (కొండ కింద కాబట్టి 'అండర్' అనడం ఇక్కడొక్కచోటే న్యాయం.) 2024 మార్చిలో ఆ సొరంగాలను జాతికి అంకితం చేశారు. నిర్వాసితుల పునరావాసం అప్పటికీ తేలలేదు. సొరంగాల్లో నీళ్లు లేవు, పైన వేదిక మీద పూలదండలున్నాయి. జాతికి ఏం అంకితం చేసినట్టు? గాలినా? ఒక తరం మొత్తం పళ్లు గారపట్టి, మోకాళ్లు పట్టుకుని మంచాన పడిపోతుంటే ప్రతి ప్రభుత్వమూ వచ్చి 'పనులు పురోగతిలో ఉన్నాయి' అని అదే ముక్కను తెలుగులో అప్పజెప్పిపోయింది. సిగ్గుండాలి.

ఆ కౌంటర్ వెనక గోడకు ఆనించి ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాన్ ఉంది. అది ఏ ప్రాసెస్సూ లేకుండా రోజూ పొద్దున్నే ఆటోలో దిగుతుంది. ఫ్లోరైడ్ సంగతి అక్కడ అందరికీ తెలుసన్నమాట.

ఇక ఆ అవ్వకు ఇంగ్లీషు చెప్పకండి. చెయ్యలేదని చెప్పండి. ఎవరు చెయ్యలేదో కూడా చెప్పండి.