ఓపిక పరిరక్షణ చట్టం

మన దేశంలో వినియోగదారుడికి దిక్కు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1986 డిసెంబరు 24న వినియోగదారుల పరిరక్షణ చట్టం మీద రాష్ట్రపతి సంతకం పడినప్పటి నుంచి మనం రక్షణలోనే ఉన్నాం. ఏటా అదే తేదీన జాతీయ వినియోగదారుల దినోత్సవం జరిపి, ఉపన్యాసాలు కూడా ఉచితంగా వినిపిస్తున్నారు. ఇంకేం కావాలి?

సివిల్ కోర్టులో తాత వేసిన కేసు మనవడు గెలుస్తున్నాడని, లాయరు లేకున్నా మామూలు మనిషే వచ్చి చెప్పుకునేలా వినియోగదారుల ఫోరాలు పెట్టారు. మూడు నెలల్లో తేల్చాలి. వస్తువును ల్యాబ్‌కు పంపాల్సొస్తే అయిదు నెలలు. 2019లో కొత్త చట్టం తెచ్చి, ఫోరం బోర్డు తీసి కమిషన్ బోర్డు పెట్టినా ఆ గడువు మాత్రం చెక్కుచెదరలేదు. వాడితేనే కదా ఏ వస్తువైనా అరిగేది!

లోపలికెళ్లి చూడండి. కేసు పిలుస్తారు. కంపెనీ తరఫు జూనియర్ లేచి, "సీనియర్‌గారు వేరే కోర్టులో ఉన్నారండీ" అంటాడు. వాయిదా. మరోసారి సీనియర్‌గారు వస్తారు, బెంచీలో సభ్యుడి పోస్టు ఖాళీ. వాయిదా. మామూలుగా వాయిదాలు ఇవ్వకూడదని చట్టంలోనే ఉంది. అందుకే ఏ వాయిదా కూడా మామూలుది కాదు.

ఫిర్యాదుకు జవాబివ్వడానికి కంపెనీకి 30 రోజులు, మరీ కావాలంటే ఇంకో 15. అది దాటి వచ్చిన జవాబును ఒప్పుకోవాలా వద్దా? 2002లో సుప్రీంకోర్టు తీర్పులు ఒకటి అలా, ఒకటి ఇలా వచ్చాయి. చివరికి అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం కూర్చుని, 45 రోజులంటే 45 రోజులేనని 2020 మార్చిలో తేల్చింది. పద్దెనిమిదేళ్లు పట్టినా లెక్క కరెక్టుగా వచ్చింది. కొనుక్కున్నవాడు మాత్రం రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ఆలస్యమైతే ఎందుకైందో సంజాయిషీ రాసుకోవాలి. మనిషికి క్రమశిక్షణ ఉండాలి మరి.

ఇంత వేగం చాలదనుకున్నారేమో, 2020 జులైలో ఎవరూ అడక్కపోయినా తనంతట తనే కదలగలిగే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థను పెట్టారు. కదిలింది కూడా. హోటళ్లు బిల్లులో సర్వీస్ చార్జీ దానంతటదే కలపకూడదని 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. పదహారు రోజులకే ఢిల్లీ హైకోర్టు స్టే ఇచ్చింది. మన వ్యవస్థలో ఇంత చురుగ్గా జరిగిన పని ఇదొక్కటే. 2025 మార్చి 28న అదే కోర్టు సంస్థ చెప్పిందే రైటని తీర్పిచ్చింది. హోటళ్ల సంఘాలు అప్పీలుకు వెళ్లాయి. పాత బిల్లులు పారేయకండి.