ఆ గదిలో కుర్చీ ఎవరు వేశారు?

పోయిన పెద్దమనిషి చదువుకునే గదిని ‘ఉన్నది ఉన్నట్టు’ ఉంచామని ఏ మ్యూజియం వాళ్లు చెప్పినా నాకు ముందు అనుమానమే వస్తుంది. నిజంగా ఉన్నది ఉన్నట్టే అయితే నేల మీద కాగితాలు పడి ఉండాలి, చదువుదామని తెచ్చి చదవకుండా వదిలేసిన పుస్తకాల దొంతర కుర్చీ పక్కన ఒరిగి ఉండాలి. మనకి కనిపించేది మాత్రం తుడిచిన బల్ల, సగంలో తెరిచిపెట్టిన పుస్తకం, దాని మీద మడిచిన కళ్లజోడు. అంత పొందిగ్గా ఎవరూ బతకరు.

కళా విమర్శకుడి గదైతే ఇబ్బంది ఇంకా ఎక్కువ. చిత్రకారుడి గదిలో రంగు మరకలైనా మిగులుతాయి. విమర్శకుడి పని చూడటం, చూపు మరకలు వదలదు. ఆయన ఏ బొమ్మని తన కుర్చీకి ఎదురుగా పెట్టుకున్నాడు, దేన్ని మూలకి నెట్టాడు అన్నదే మనకి దొరికే ఆధారం. అంటే ఆ గదిలో వస్తువుల కంటే వాటి అమరికే ముఖ్యం. తరలింపులో ముందు పోయేదీ అదే.

రొమేనియాలో క్రికోర్ జంబాచియన్ సంగతే చూడండి. 1889లో పుట్టిన ఈ ఆర్మీనియన్ మూలాల వ్యాపారి కళా విమర్శకుడు కూడా. జీవితమంతా బొమ్మలు కొన్నాడు, వాటి గురించి రాశాడు. 1947లో తన సేకరణని ప్రభుత్వానికి ఇచ్చేశాడు, బుకారెస్ట్‌లో ఆయన ఇల్లే మ్యూజియం అయింది. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ గీసినవాటిలో రొమేనియాలో ఉన్న ఒకే ఒక్క బొమ్మ అక్కడిదే. 1962లో ఆయన పోయాడు. 1977లో కమ్యూనిస్టు నియంత చౌషెస్కూ ప్రభుత్వం ఆ మ్యూజియాన్ని మూసేసింది. మళ్లీ తెరిచింది 1992లో, చౌషెస్కూ పోయాక. పదిహేనేళ్ల తర్వాత తెరిచిన ఆ ఇంట్లో మేకులు కొట్టిన చేతులు వేరే. ఇల్లు అసలుదే, బొమ్మలు అసలువే. అయినా మనం చూసేది మళ్లీ సర్దిన ఇల్లు. ఇందులో తప్పేం లేదు, ఆ మాట పైకి చెబితే చాలు.

అమరిక మీద పట్టుదల ఎంత దూరం పోతుందో ఇంకో రొమేనియన్, శిల్పి బ్రాంకూషి చూపించాడు. (ఇండోర్ మహారాజు కోసం మందిరం కట్టాలని మన దేశం దాకా వచ్చినవాడు, అది కట్టనే లేదు.) పారిస్‌లోని తన పనిగదిలో ఏ శిల్పం పక్కన ఏది ఉండాలో ఆయనకి పెద్ద లెక్క. ఏదైనా అమ్ముడుపోతే ఆ చోట దాని ప్లాస్టర్ నకలు పెట్టేవాడు, ఖాళీ కనిపించకూడదని. చివరి రోజుల్లో కొత్తవి చెయ్యడం మానేసి ఉన్నవాటినే సర్దుకుంటూ కూర్చున్నాడు. 1956లో ఫ్రెంచి ప్రభుత్వానికి అంతా రాసిచ్చాడు, గదిని ఉన్నట్టే నిలబెట్టాలన్న షరతు మీద. మరుసటి ఏడాది పోయాడు. ఆ తర్వాత గది మూడుసార్లు కట్టారు. 1962లో కొంత భాగం, 1977లో పారిస్‌లోనే పాంపిడూ సెంటర్ అనే కళాకేంద్రం ఎదురుగా పూర్తిగా. అది 1990లో వరద నీళ్లొచ్చి మూతపడింది. 1997లో ఆర్కిటెక్ట్ రెంజో పియానో కట్టినదాంట్లో అన్నీ కొలతల ప్రకారమే పెట్టారు, కాకపోతే అద్దం వెనక. వచ్చినవాళ్లు చుట్టూ తిరిగి చూడాల్సి వచ్చేది. బ్రాంకూషి నిలబడ్డ చోట నిలబడే వీల్లేకపోయింది.

ఐర్లండ్‌లో డబ్లిన్ మ్యూజియం వాళ్లు ఇంకో దారి పట్టారు. లండన్‌లోని చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ స్టూడియో అంటే పెద్ద చెత్తకుప్పే. దాన్ని తవ్వకాల స్థలంలా చూసి, పురావస్తు నిపుణులతో ప్రతి వస్తువూ ఎక్కడ పడి ఉందో గుర్తులు పెట్టించి, ఏడు వేలకి పైగా వస్తువుల్ని, గోడల్ని, ఆఖరికి దుమ్ముని కూడా ఎత్తుకొచ్చి 2001లో జనానికి చూపించారు. దుమ్ము మొయ్యడం చాదస్తమే అనిపిస్తుంది. కానీ ఎవరి అభిరుచీ దూరకుండా సర్దాలంటే ఆ చాదస్తం కావాలి.

నాకు ఎక్కువ నచ్చింది మాత్రం మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ గది కథ. 1938లో నాజీల భయంతో ఆయన వియన్నా వదిలి లండన్ వెళ్తే, బల్ల మీది చిన్న చిన్న పురాతన విగ్రహాల్ని ఇంట్లో పనిచేసే ఆవిడ గుర్తుపెట్టుకుని మళ్లీ అదే వరసలో పేర్చింది. లండన్‌లో అందరూ ‘అసలు గది’ అని చూసేది, యజమాని బతికుండగానే జ్ఞాపకంతో కట్టిన నకలన్నమాట. వియన్నాలోని మ్యూజియమేమో ఆయన గదిని మళ్లీ సృష్టించలేదు. ఆ సామాను వెళ్లిపోయింది, ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో చూసేవాళ్లకి తెలియాలి. ఆయన రోగుల్ని పడుకోబెట్టి మాట్లాడించిన మంచం బదులు కొత్తది కొనుక్కొచ్చి వేస్తే ఆ చరిత్ర మీద దుప్పటి కప్పినట్టే.

విమర్శకుడి గదిని ప్రదర్శనకి పెట్టేవాళ్లు బల్ల పక్కన ఒక చిన్న బోర్డు పెడితే సరిపోతుంది: ఇది ఆయనది, ఇది అదే కాలానిదని బజార్లో కొన్నది, దీని చోటు ఫలానా ఏడాది ఫొటో చూసి ఖాయం చేశాం, ఇది మా ఊహ. ఆయన కుర్చీకి తాడు కట్టి ఊరుకోకుండా అదే ఎత్తున్న మామూలు కుర్చీ ఒకటి పక్కన వెయ్యాలి. వచ్చినవాళ్లు ఒక్క నిమిషం కూర్చుని, తలెత్తితే ఎదురుగా ఏ బొమ్మ కనబడుతుందో చూసుకుంటారు.