మొదటిది వదిలెయ్యాల, మధ్యది పట్టాల

మన తిరపతిలో క్యూలో ఎట్లా నిలబడాల, చెప్పులు యాడ విడవాల, సెల్‌ఫోన్ యాడ ఇయ్యాల అని తెలుగు తమిళం కన్నడం హిందీ అన్నిట్లో మైకులో చెప్తానే ఉంటారు. అదే ల్యాబ్‌కి పోతే మూడు వేళ్ళంత డబ్బా చేతిలో పెట్టి "అన్నా, యూరిన్ పట్టుకురా పో" అంటారు. అంతే, ఉపదేశం అయిపోయింది.

పోయినా. బాత్రూంకి గొళ్ళెం లేదు, ఒక కాలు తలుపుకి అడ్డం పెట్టి, ఒక చేత్తో డబ్బా పట్టుకుని, మూత యాడ పెట్టాలో తెలీక కిటికీ గట్టు మీద దుమ్ములో బోర్లా పెట్టి, మొదటి చుక్క కూడా వేస్టు కాకూడదని శ్రద్ధగా పట్టినా. క్రిములని పెంచి చూసే కల్చర్ రిపోర్టులో మిక్స్‌డ్ గ్రోత్ అని, అంటే రకరకాల క్రిములు కలిసి పెరిగినాయని వచ్చింది. డాక్టరమ్మ చూసి "ఇది మీ జబ్బు కాదు, మీరు పట్టిన తీరు" అనేసింది. ముందు కడుక్కోవాలంట, మొదట వచ్చేది వదిలెయ్యాలంట, ఎందుకంటే దోవలో బయట కూర్చున్న క్రిములన్నీ దాంతోనే కొట్టుకొస్తాయి, మధ్యలోది పట్టాల, డబ్బా లోపల, మూత లోపల వేలు తగలకూడదు. ఈ నాలుగు ముక్కలు ముందే చెప్పుంటే నాకు రెండోసారి బిల్లు పడేదా?

ఇంగ్లండులో 17వ శతాబ్దంలో థామస్ విల్లిస్ అని ఒక డాక్టరు షుగర్ ఉందా లేదా అని ఒంటేలు రుచి చూసినాడు. మన పాతకాలం వైద్యులు చీమలు పడతన్నాయా అని చూసి మధుమేహం అని పేరే పెట్టేసినారు. నా అనుమానం ఏందంటే, రుచి చూసే డాక్టరు పేషెంటుకి ఎట్లా పట్టాలో చెప్పకుండా పంపించుంటాడా? ల్యాబోళ్ళకి కూడా ఆ డ్యూటీ వేసి చూడండి, ఆ రోజు నుంచే గోడ మీద తెలుగులో బోర్డు వస్తుంది.

మా చిన్నాయన ఇంకో రకం. చంద్రగిరిలో తెల్లారి 6కి పట్టి, నల్ల కవర్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, దిగినాక టిఫిన్ తిని 10కి ఇచ్చినాడు. గంట, మహా అంటే రెండు గంటల్లో ఇయ్యాల, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాల. మే నెల ఎండలో నాలుగు గంటలంటే ఆ డబ్బాలో క్రిములు సంసారం పెట్టి మనవళ్ళని ఎత్తుకునుంటాయి.

అన్నిటికన్నా కష్టం 24 గంటలది. మా మామకి ప్రొటీన్ పోతా ఉందని రాసినారు. పొద్దున మొదటిది పారబోసి టైం రాసుకోవాల, ఆన్నుంచి ప్రతి చుక్కా క్యాన్‌లోకే, మర్నాడు అదే టైంకి వచ్చేది కూడా కలిపి. క్యాన్ చల్లగా ఉండాలంటే ఫ్రిజ్‌లో దోసెపిండి పక్కన పెడదామన్నా. మా అత్త ఫ్రిజ్ తలుపుకి వీపు ఆనించి నిలబడింది, "నేనన్నా ఉండాల, అదన్నా ఉండాల". ఇంక థర్మాకోల్ బాక్సు, ఐసు, బాత్రూం గుమ్మం, రాత్రంతా కాపలా. పగలూ రాత్రీ ఒక్కటి తప్పలేదు. తెల్లారి 6కి నేను కునుకు తీసిన ఆ పది నిమిషాల్లో మామ లేచి, రోజూ అలవాటే కదా, పోయి నీళ్ళు కొట్టొచ్చినాడు.

ఐసు కోసం బయల్దేరతా ఉండా.