సవరణ: తమను తాము గాయపరచుకునే పిల్లల గురించి

తిరుపతి హాస్టల్ వార్డెన్ల కోసం మేం పెట్టిన పోస్టులో, పిల్లలు తమను తాము గాయపరచుకునేది నలుగురి కంట్లో పడడానికేనని, రోజూ చేతులు తనిఖీ చేసి ‘ఇక చేయను’ అని ఒట్టు వేయించుకోవాలని రాశాం. రెండూ తప్పే.

ఆ బాధ పడినవాళ్లు పరిశోధకులకు చెప్పుకున్న కారణాలు వేరు. భరించలేని ఆవేదన కాసేపైనా తగ్గుతుందని, మొద్దుబారిన మనసుకు ఏదో ఒకటి తెలియాలని, తమమీద తమకే కోపమని. చాలామంది దాచుకుంటారు, మే నెల ఎండలో కూడా ఫుల్ చేతుల చొక్కా విప్పరు. తనిఖీ పెడితే ఇంకా దాస్తారు. ఒట్టు మరీ చెడ్డది: మళ్లీ జరిగిననాడు చెప్పుకునే దారి కూడా మూసుకుపోతుంది.

గాయం కనిపిస్తే కుళాయి నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా అదమండి. రక్తం ఆగకపోయినా, లోతుగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. తిట్లు వద్దు. పక్కన కూర్చుని, ‘ఏం నాయనా, మనసు బాగలేదా?’ అంటే చాలు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అందరికీ ఆ ఉద్దేశం ఉండదు గానీ, ముందుముందు ప్రమాదం మాత్రం ఎక్కువే. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీమానస్ 14416 రాత్రీపగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.