తలసేమియా గుర్తు సీబీపీ రక్త పరీక్ష కాగితంలోనే ఉంది, చూసేటోళ్లు ఏరి?

మన దగ్గర కడుపుతో ఉన్నామెకు రక్తం తక్కువుందంటే ఐరన్ గోళీలిస్తరు, నెల రెండు నెలలాగి మళ్లీ చూస్తరు, పెరగకపోతే "సక్కగ మింగుతలేవు" అని ఆమెనే కోప్పడతరు. చాలామందికి అది నిజంగా ఐరన్ లోపమే, కాదనను. కానీ కొందరికి అది తలసేమియా మైనర్, అంటే జబ్బు కాదు, జబ్బు జీన్ ఒకటి ఒంట్ల ఉన్నదంతే, మామూలుగనే బతుకుతరు. చిక్కంతా భర్తకు కూడా అదే ఉంటే. అప్పుడు బిడ్డకు తలసేమియా మేజర్, అంటే ఒంట్ల రక్తం సరిగ తయారుకాని జబ్బు, వచ్చే ఛాన్స్ నూటికి 25, మొదటి బిడ్డకు వచ్చింది కదా ఇంక రాదులే అనుకునేది కాదు, ప్రతి కాన్పుకూ అదే 25.

మేజర్ అంటే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుడు, ఎక్కించిన రక్తంతోని ఐరన్ గుండెలో లివర్‌లో పేరుకుంటే దాన్ని దించే మందు రోజూ వేసుడు. దేవరకొండ తండా నుంచో అచ్చంపేట నుంచో హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైనే, ఇద్దరి కూలీ పాయె, ఎండాకాలం కాలేజీలు బందైతే రక్తమిచ్చేటోళ్లు కూడా దొరకరు. 1998లో మొదలైన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ హైదరాబాద్‌లోనే, జెనెటిక్స్ డిపార్ట్‌మెంట్ నిమ్స్‌లోనే, జీన్ టెస్టులు చేసే సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లోనే.

మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తికి 2022లో మెడికల్ కాలేజీలొచ్చినయ్. వాటిల్లో జెనెటిక్స్ డాక్టర్ని కూర్చోబెట్టమని నేను అడగను, అంతమంది స్పెషలిస్టులు దేశంలోనే లేరు. అడిగేది మొదటి జల్లెడ. ఆ జల్లెడ సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చెప్పే టెస్ట్, అది ఎట్లాగూ చేస్తనే ఉన్నరు. ఎంసీవీ (ఎర్ర కణం సైజు) 80 కంటే తక్కువుండి ఆర్‌బీసీ కౌంట్ (ఎర్ర కణాల లెక్క) మాత్రం 50 లక్షలు దాటితే అనుమానపడాలె, ఎందుకంటే ఐరన్ లోపంలో ఆ కౌంట్ కూడా తగ్గుతది. అప్పుడు హెచ్‌బీ ఏ2 (ఒక రకం హిమోగ్లోబిన్) టెస్ట్, అది 3.5 శాతం దాటితే భర్తకు కూడా. 2023లో మొదలైన సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలి లెక్క వంగే జబ్బు) మిషన్ కింద తండాల్లో, చెంచు పెంటల్లో రక్తాలు తీస్తున్నరు కదా, సికిల్ సెల్‌ను ఖాయం చేసే, హిమోగ్లోబిన్ రకాలు విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ మెషీనే ఏ2 కూడా చూపిస్తది, వేరే కొనే పని లేదు. మరి రెండూ కలిపి ఎందుకు చూడరో నాకైతే అర్థం కాదు.

మేనరికాల సంగతి ఎట్లాగూ వస్తది. మేనమామకూ మేనకోడలికీ జీన్స్‌లో నాలుగో వంతు ఒకటే, బావామరదళ్లకు ఎనిమిదో వంతు, కాబట్టి రిస్క్ పెరిగే మాట నిజమే, అట్లని బయటి సంబంధమైతే రాదని కాదు. తలసేమియా మేజర్‌లో జీన్ ఇద్దరి నుంచీ రావాల్సిందే, అయినా "కోడలి వైపు నుంచే వచ్చింది" అని అత్తగారింట్లో ఒక్క మాటతో తేల్చేస్తరు.

జీన్ జబ్బుల విషయంలో నల్లగొండలో ఇంకో తిరకాసు. మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లగాడు నడవలేకపోతే ముందు ఫ్లోరైడే గుర్తొస్తది, అన్నేండ్లు అది చేసిన నష్టం అట్లాంటిది. కానీ ఫ్లోరైడ్ తాగే నీళ్ల నుంచి వస్తది, ఒక్క ఇంటితో ఆగదు. ఒకే ఇంట్లో అన్నదమ్ములకే వచ్చి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటే తప్ప లేవలేకపోతే, అక్కచెల్లెళ్లు బాగనే ఉంటే అది కండరాల క్షీణత కావచ్చు, డుషెన్ అంటరు, తల్లి వైపు నుంచి వచ్చే రకం. దాన్ని నీళ్ల ఖాతాలో వేస్తే తర్వాతి కాన్పుకు ఎవరూ హెచ్చరించరు.

అన్నిటికంటే టైమ్ ముఖ్యం. భార్యాభర్తలిద్దరికీ తలసేమియా మైనర్ అని తేలితే 11 నుంచి 14 వారాల మధ్య మాయలోంచి చిన్న ముక్క తీసి బిడ్డ సంగతి చూడొచ్చు. పాలమూరులో ఆమె పీహెచ్‌సీకి వచ్చేసరికే మూడో నెల, ఆయనేమో పుణెలో పనిమీద, దసరాకు వచ్చినంక చూద్దాం అంటరు, దసరాకు ఏడో నెల పడతది. ఆయన ఊరికి రానక్కర్లేదు, రక్తం పుణెలోనే ఏదైనా మంచి ల్యాబ్‌లో ఇచ్చి రిపోర్ట్ వాట్సాప్‌లో ఏఎన్ఎంకు పంపితే సరిపోతది, ఆ మాట ఆయనకు ఫోన్‌ చేసి చెప్పే పని ఫలానావాళ్లదని పీహెచ్‌సీలో రాసి పెట్టాలె.