పర్మిషన్ అడిగిన హీరో

పక్కింటి పెద్దమ్మ డాబా మీద పల్లికాయ ఆరబోస్తే చాలు, నాలో హీరో నిద్ర లేస్తాడు. నల్లగొండలో మేముండే పానగల్లు రోడ్డు వైపు కోతులు మనుషుల కంటే ముందే డ్యూటీ ఎక్కుతాయి. పులిబొమ్మ కట్టి చూశాం. మూడో రోజుకల్లా ఓ పిల్లకోతి ఆ పులి వీపు మీదెక్కి జామకాయ తింది.

మొన్న ఆదివారం ఆరేడు కోతులు దిగాయి. పెద్దమ్మ కింద వంటింట్లో ఉంది. నేను ఎవరినీ పిలవలేదు, ఎవరినీ అడగలేదు. కట్టె పట్టుకుని పిట్టగోడ ఎక్కి వాళ్ల డాబా మీదికి దూకాను. దూకడం బాగానే దూకాను గానీ, దిగింది పల్లికాయ మీద. కాళ్ల కింద అవి గోళీల్లా దొర్లాయి. పడిపోకుండా డిష్ గొడుగు పట్టుకుంటే అది నాతోపాటే వచ్చింది. కట్టె ఎటు తిరిగిందో, ట్యాంకు పైపు టప్పున విరిగింది. కోతులు నన్ను చూసి భయపడి పోయాయని నేనంటాను. జాలిపడి పోయాయని మా ఆవిడ అంటుంది.

పోయినవి మామూలు నీళ్లా? కృష్ణా నీళ్లు! ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను కళ్లారా చూసిన జిల్లా మాది. ఇక్కడ పెళ్లిలో అన్నం పారేసినా ఊరుకుంటారేమో గానీ, నల్లా వదిలేస్తే ఊరుకోరు. పెద్దమ్మ కొంగు నడుముకు చెక్కుకుని పైకొచ్చింది.

"ఏంది బిడ్డా గిది! నిన్నెవరు రమ్మన్నరు? కిందికెళ్లి రెండుమాట్ల కట్టె సప్పుడు చేస్తె పోతయ్ గద! కోతులు తింటె శేరు పోవు, నువ్వొస్తె బస్తా మొత్తం తడిసిపాయె!"

ఎదురింటాయన తన డాబా మీంచే అడిగాడు: "ఇంతకు ఒక్క కోతికన్నా దెబ్బ తాకిందా అన్నా?" తాకలేదు.

ఆ రాత్రి మావాడు టీవీలో 'హాన్‌కాక్' పెట్టాడు. "డాడీ, నీ మీదనే తీసిన్రు ఈ సినిమా," అన్నాడు. 2008లో వచ్చిన విల్ స్మిత్ సినిమా అది. లాస్ ఏంజెల్స్‌లో ఓ సూపర్ హీరో. గాల్లో ఎగురుతాడు, బుల్లెట్ తగిలినా ఏమీ కాదు. కానీ తాగి బెంచీ మీద పడుకుంటాడు, ఎగిరొచ్చి దిగితే రోడ్డు పగులుతుంది. రైలు పట్టాల మీద ఇరుక్కున్న కారులోని మనిషిని కాపాడటానికి రైలుకే ఎదురు నిలబడతాడు. మనిషి బతుకుతాడు గానీ రైలు తుక్కవుతుంది. జనం చుట్టూ చేరి, కారునే పైకెత్తుకుని పోతే సరిపోయేది కదా అని తిడతారు. ఆ మాట వినగానే నాకు పెద్దమ్మ గొంతే వినపడింది. ఇంట్లో ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు.

ఆ బతికిన మనిషి పేరు రే, పీఆర్ పని, అంటే జనంలో మంచి పేరు తెచ్చిపెట్టే పని చేస్తుంటాడు. హీరోకు మర్యాద నేర్పే బాధ్యత అతనే తీసుకుంటాడు. మెల్లగా దిగాలి, పోలీసులకు 'గుడ్ జాబ్' అని చెప్పాలి. ఆ తర్వాత హీరో, కాల్పుల మధ్య చిక్కుకున్న ఓ పోలీసామెను కాపాడబోతూ, ముట్టుకోవచ్చా అని ముందు పర్మిషన్ అడుగుతాడు. మా ఆవిడ ఆ సీను రెండుసార్లు వెనక్కి తిప్పి చూపించింది. (రెండో సగంలో కథ వేరే దారి పట్టింది. నాకంత రుచించలేదు, ఆమెకు అక్కర్లేకపోయింది.)

మర్నాటి నుంచే మర్యాద మొదలుపెట్టాను. పైపు బాగుచేయడానికి వచ్చిన ప్లంబర్‌తో, "మంచిగ చేసినవ్ తమ్మీ," అన్నాను. అతను పాన పక్కన పెట్టి నన్ను అనుమానంగా చూశాడు. "పైసలు తక్కువ ఇద్దామని అంటున్నవా సార్?" డిష్ పిల్లగాడితో కలిపి 1,400 రూపాయలు నేనే కట్టాను.

గురువారం మధ్యాహ్నం కోతులు మళ్లీ దిగాయి. ఈసారి కొత్త పల్లికాయ. నేను పిట్టగోడ ఇవతలే ఆగాను. కట్టె కింద పెట్టి, చేతులు కట్టుకుని కేకేశాను.

"పెద్దమ్మా! నీ డాబా మీదికి రావాల్నా?"

కింద సీరియల్ ఫుల్ సౌండులో మోగుతోంది.

"ఏందీ? యాడికి పోవాల్నా?"

"పోవుడు కాదే, వచ్చుడు! కోతులొచ్చినయ్, నన్ను రమ్మంటవా?"

"కోడలొచ్చిందా? ఏ బస్సుకొచ్చింది?"

ఈ లోపు పెద్ద కోతి ఒకటి నా ఎదురుగా ట్యాంకు మీద కూర్చుని, పల్లికాయ ఒలుచుకుంటూ, పొట్టు నా వైపు ఊదుతూ మా మాటలు శ్రద్ధగా విన్నది. దానికి ఎవరి పర్మిషనూ అవసరం పడలేదు. మిగతావి చెంగుచెంగున ఎగురుతూ, చేట కూడా వదలకుండా అంతా బోర్లించాయి.

కోడలు కోసం పెద్దమ్మ మెట్లెక్కి పైకొచ్చేసరికి డాబా నిండా పొట్టే మిగిలింది. డాబాను చూసింది, గోడకివతల చేతులు కట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది.

"నువ్వు ఈడనే ఉండి సూసుకుంట నిలవడ్డవా?"

"నువ్వు రమ్మంటెనే వద్దామని, పెద్దమ్మా..."

ఆమె ఏమీ అనలేదు. మూలకు పోయి చీపురు తెచ్చి, గోడ మీంచి నా చేతికందించింది.

"ఇగ రా బిడ్డా."